ఎండ తగలని పెరడు: ఎంవీపీ కాలనీలో మా ఏడాది పని

మా పెరడు ఇంటికి ఉత్తరాన ఉంటుంది. వెడల్పు పది అడుగులు, పొడవు ఇరవై ఎనిమిది. విశాఖ ఎంవీపీ కాలనీలో 1980ల చివర మామయ్యగారు కట్టించిన ఇల్లు ఇది, పై అంతస్తు తర్వాత లేచింది. తూర్పు పక్కన ఒకప్పుడు మాలాంటి ఇల్లే ఉండేది, ఇప్పుడు అక్కడ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఈశాన్యం మూల మా బాదం చెట్టు. ఇటు ఇల్లు, అటు అపార్ట్‌మెంట్, నెత్తిన బాదం కొమ్మలు. ఈ మూడూ వదిలేసిన వెలుతురే పెరటికి దక్కేది. మామయ్యగారు పోయాక ఆ తలుపు గడియ తీస్తే ఖాళీ సిలిండరు పెట్టడానికో, విరిగిన కుర్చీ పడేయడానికో.

2024 సెప్టెంబరులో మా చిన్నాడికి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్ల లెక్క కోసం పొద్దున్నా సాయంత్రం ఎదురుచూడటం ఎలా ఉంటుందో పడ్డవాళ్లకి తెలుసు, దాని గురించి రాయను. వాడు ఇంటికొచ్చిన వారానికి ఆరోగ్య సిబ్బంది వచ్చి కుండీలూ డ్రమ్ములూ చూసుకుంటూ పెరట్లోకి వెళ్లారు. పాత కమోడు ఒకటి వెల్లకిలా పడి ఉంది, దాన్నిండా వాననీళ్లు. టార్చి వేసి చూపించారు, అందులో గిలగిల కొట్టుకుంటున్న దోమ లార్వా. ఆ రాత్రే మా ఆయనా నేనూ అనుకున్నాం, ఎంతయినా సరే పెరటి సంగతి తేల్చాలని.

నవంబరులో మొదలుపెడితే మళ్లీ అక్టోబరుకి పని ఒక కొలిక్కి వచ్చింది. ఇలాంటి పెరడే ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నీడలో పెరిగే మొక్కల పట్టికలు ఎక్కడ చూసినా ఉన్నాయి. మా ఖర్చులో మొక్కలది పదో వంతు. మిగతాదంతా నీటికీ, మట్టికీ, వెలుతురుకీ పోయింది.

కార్తీకమాసంలో, తోటలు డిజైన్ చేసే ఒకాయన్ని పిలిచాం. లేజర్ టేపుతో కొలతలు తీసుకున్నాడు, నాలుగు రోజుల్లో కంప్యూటర్ బొమ్మ పంపాడు. పచ్చటి తివాచీలా గడ్డి, గోడ నిండా వేలాడే కుండీలు, మూలన బుద్ధుడి విగ్రహం, ఆయన ముందు నీళ్లు. 1,85,000 రూపాయలు, సగం ముందే ఇవ్వాలి. మా ఆయనకి బొమ్మ తెగ నచ్చింది. నాకు ఒకటే అనుమానం: ఇక్కడ ఎండ ఎంతసేపు పడుతుందని ఆ మనిషి అడగనే లేదు. లాన్ బతకాలంటే రోజుకి ఐదారు గంటల ఎండ ఉండాలి. అదే అంటే, "అయితే ఆర్టిఫిషియల్ గ్రాస్ వేసేద్దాం మేడమ్" అన్నాడు. మన విశాఖ చెమ్మలో, నీరు దిగని నేల మీద ప్లాస్టిక్ గడ్డి పరిస్తే దాని కింద ఏం పెరుగుతుందో ఊహించుకుని వద్దన్నాను. మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు.

డిసెంబరంతా ఏ పనీ చేయలేదు, చూశాం అంతే. సెలవు రోజుల్లో గంట గంటకీ పెరట్లోకి వెళ్లి ఎండ ఎక్కడ పడిందో సుద్దముక్కతో గీత గీద్దామనుకున్నాను. గీయడానికి గీతే లేదు. నేల మీద ఎండపొడ అన్నదే లేదు. ఫోన్లో వెలుతురు కొలిచే యాప్ ఒకటి వేసుకుని చూస్తే, మిట్టమధ్యాహ్నం డాబా మీద లక్ష లక్సుల దగ్గరున్న అంకె బాదం కింద పన్నెండు వందలకి పడిపోయింది.

నేను ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతాను. కాగితం మీద లెక్క వేసుకున్నాను. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు మనకి దక్షిణాన 49 డిగ్రీల ఎత్తుకి మించి రాడు. ఇరవై రెండు అడుగుల ఎత్తున్న మా ఇల్లు అప్పుడు ఉత్తరానికి పంతొమ్మిది అడుగుల నీడ వేస్తుంది. పెరడు పది అడుగులే కాబట్టి మొత్తం నీడే. కానీ ఆ లెక్కే ఇంకోటి కూడా చెప్పింది. మే రెండో వారంలో సూర్యుడు సరిగ్గా మన నెత్తి మీదికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మిట్టమధ్యాహ్నం ఉత్తరం వైపే ఉంటాడు. అంటే ఏడాదంతా చీకటి గుయ్యారంలా ఉండే ఉత్తరం పెరట్లో, సరిగ్గా ఎండలు మండే రోజుల్లోనే నిట్టనిలువు ఎండ పడుతుంది. ఉత్తరం వైపు ఎప్పుడూ నీడే అని చెప్పే పుస్తకాలు చలిదేశాలవాళ్లు రాసినవి. మనకి అవి కుదరవు.

ఇది తెలిశాక మొక్కలు జూన్ దాకా కొనకూడదని తీర్మానించుకున్నాం. ఈలోగా పరీక్షకి ఒక సింగోనియం, ఒక అగ్లోనిమా, ఒక స్నేక్ ప్లాంటు, ఒక ఫెర్ను కుండీల్లో తెచ్చి తలో చోటా పెట్టాను.

జనవరి మొదట్లో పనివాళ్ల కోసం వెతికితే ఒక్కరూ దొరకలేదు. "పండక్కి ఊరెల్లిపోతన్నామమ్మా, ముక్కనుమ అయ్యాక వస్తాం" అన్నాడు మేస్త్రి. ఆయనది గజపతినగరం దగ్గర పల్లె. ముక్కనుమ అయింది, ఆ తర్వాత ఇంకో పది రోజులూ అయ్యాయి. విశాఖలో సంక్రాంతికి అటూ ఇటూ ఏ మట్టిపనీ పెట్టుకోకండి. పెరట్లోని చెదలు పట్టిన కిటికీ చెక్కలు మాత్రం భోగి మంటకి పనికొచ్చాయి, పిల్లలు మహా సంతోషపడ్డారు.

జనవరి చివర్లో ముగ్గురు కూలీలు దిగారు. పైన చెత్త ఒక పూటలో పోయింది. అసలు సంగతి దాని కింద ఉంది. అపార్ట్‌మెంటు కట్టినన్నాళ్లూ గోడ మీంచి మా వైపు జారిన ఇటుక ముక్కలు, గట్టిపడ్డ సిమెంటు బస్తాలు, టైల్సు పెంకులు, వాటి మీద ఏళ్ల తరబడి రాలిన బాదం ఆకు. గునపం దిగితే మట్టి శబ్దం రాలేదు, ఖణేల్‌మంది. ఈ రద్దు (ఇటుక, సిమెంటు చెత్త) తీసుకెళ్లడానికి ట్రాక్టరు సందులోకి రాదు కాబట్టి తట్టలతో రోడ్డు దాకా మోయాలి. మోతకూలీ ట్రాక్టరు బాడుగ కంటే ఎక్కువైంది. బేరం ఆడేటప్పుడు ట్రాక్టరు రేటు ఒక్కటే అడగకండి, మోత ఎవరిదో కూడా ముందే తేల్చుకోండి.

రెండో రోజు పడమటి వైపు గునపం దిగి బోలుగా మోగింది. పాత సెప్టిక్ ట్యాంకు. కాలనీలో భూగర్భ డ్రైనేజీకి కలిపాక దాన్ని మూసేశారని అత్తయ్యకి లీలగా గుర్తు. మూత మీద జానెడు మట్టి, ఒక మూల పలకకి బీట. ఆ పలక మీదే మా పిల్లలు ఎన్నోసార్లు బంతి కోసం వెళ్లారు. ఆ మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు.

కూలీల్లో ఒకతను "లోపలికి దిగి సూస్తానమ్మా" అన్నాడు. గట్టిగా వద్దన్నాను. మూసి ఉన్న ట్యాంకులో విషవాయువులుంటాయి, మనిషి దిగితే మళ్లీ పైకి రాకపోవచ్చు. రక్షణ సామగ్రి లేకుండా మనుషుల్ని దించి శుభ్రం చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది కూడా. సక్షన్ ట్యాంకరుకి ఫోన్ చేస్తే ఐదో రోజుకి వచ్చింది, 3,000 తీసుకుంది. ఖాళీ అయిన ట్యాంకుని ఏం చేయాలో మేస్త్రే చెప్పాడు: మన ఇటుక రద్దే అందులో నింపి, పైన ఇసుక పోసి, నీళ్లతో తడిపి కుదేయడం. దాంతో ఒక ట్రాక్టరు లోడు మిగిలింది. ఈ పెరట్లో అనుకోకుండా కలిసొచ్చింది అదొక్కటే.

ఫిబ్రవరి అంతా నీటి పని. అడుగు లోతు గొయ్యి తీసి బకెట్ నీళ్లు పోసి చూశాను. మర్నాడు పొద్దున్నకి కూడా సగం నీళ్లు అలాగే ఉన్నాయి. మేస్త్రి దాన్ని చూసి, "మొక్కల మాట తర్వాతమ్మా. ముందు నీరు ఎటెల్తాదో సూసుకోండి. ఇదిలాగుంటే ఏటేసినా కుళ్లిపోద్ది" అన్నాడు. తర్వాత ఇంటి గోడ దగ్గర కూర్చుని గోరుతో గీరాడు. ప్లాస్టరు బూడిదలా రాలింది. వంటింటి గోడకి ఏటా రంగు వేయిస్తున్నా ఎందుకు ఉబ్బుతోందో అప్పుడు అర్థమైంది. రద్దూ మట్టీ పేరుకుని పెరటి నేల ఇంటి ప్లింతు (లోపలి నేల మట్టం) కంటే పైకి వచ్చేసింది, చెమ్మ నేరుగా గోడలోకి ఎక్కుతోంది. నేలని ప్లింతుకి కనీసం అర అడుగు కిందకి దించాలన్నాడు. దించారు. ఇంకో రెండు వేలు.

తర్వాత ఇంటి గోడ నుంచి ప్రహరీ వైపుకి ఎనిమిది అడుగులకి అంగుళం చొప్పున వాటం పెట్టారు. ప్రహరీ వారన కాలువ తవ్వి, చిల్లులున్న పీవీసీ పైపు పరిచి, చుట్టూ ఇరవై ఎంఎం కంకర పోసి, చివర జాలీ పెట్టి వీధి కాలువకి కలిపారు. గోడకి కొత్త ప్లాస్టరు. తాపీ మేస్త్రికి రోజుకి 1,100, కూలీకి 750. నిజానికి ఇది వారం పని. నెల పట్టింది, ఎందుకంటే మధ్యలో మాఘమాసం ముహూర్తాలు రాగానే మేస్త్రి ఇంకెవరిదో శంకుస్థాపనకి వెళ్లిపోయాడు. తిట్టుకున్నాను గానీ, ఆయనలా వాటం తెలిసిన మనిషి మళ్లీ దొరకడని ఊరుకున్నాను.

బాదం చెట్టు దగ్గర ఇల్లు రెండుగా చీలింది. ఈశాన్యంలో బరువైన చెట్టు వాస్తుకి పనికిరాదని మా ఆయన తరఫు బంధువొకరు పట్టుబట్టారు. కొట్టేస్తే వెలుతురు కూడా వస్తుందని మా ఆయన. అత్తయ్య ఒప్పుకోలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కాలనీలో చెట్లన్నీ పడిపోతే, మా బాదం తల విరిగి కూడా నిలబడింది. "ఆ గాలికే పడనిదాన్ని మీరు పడగొడతారా?" అంది. ఆవిడ మాట అలా ఉంచితే, చెట్టు కొట్టాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి, సొంత స్థలమైనా సరే. ఆ కాగితాల వెంట తిరిగే ఓపిక ఎవరికీ లేకపోవడం చెట్టుకి కలిసొచ్చింది. చివరికి చెట్లెక్కే అతన్ని పిలిచి, పన్నెండడుగుల లోపున్న కింది కొమ్మలు మాత్రం తీయించాం. 2,300 కూలి, కొమ్మలు తీసుకెళ్లడానికి విడిగా 1,200. బాదం కొమ్మలు అంతస్తులు అంతస్తులుగా అడ్డంగా చాస్తుంది, కాబట్టి కింది వరస తీస్తే చాలు, పక్క నుంచి వెలుతురు జొరబడుతుంది. యాప్‌లో పన్నెండు వందలున్న అంకె నాలుగు వేలు దాటింది.

మార్చిలో ప్రహరీకి సున్నం వేయించాం, జిగురు కలిపి రెండు పూతలు, మొత్తం 1,100. నన్నడిగితే ఈ పనంతటిలో పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. నల్లగా పాచిపట్టిన గోడ తెల్లబడేసరికి సాయంత్రం నాలుగైనా వంటింట్లో లైటు అవసరం లేకుండా పోయింది. ప్లాస్టిక్ ఎమల్షన్ వేయమన్నారు కొందరు. చెమ్మ గోడ మీద అది పొరలుగా లేచిపోతుంది, సున్నం ఊపిరి ఆడనిస్తుంది.

ఆ నెలలోనే మల్లె మొదలు తవ్వాల్సి వచ్చింది. మామయ్యగారు పెట్టిన మల్లెపందిరి అది. అపార్ట్‌మెంటు లేచిన రెండో వేసవికే పూలు మానేసి, ఆ తర్వాత ఎండిపోయింది. మోడు మాత్రం అలాగే ఉంది. దాన్ని తీయమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, మేస్త్రి అడిగితే అత్తయ్య వైపు చూశాను. ఆవిడ "తియ్యండి" అని లోపలికి వెళ్లిపోయింది. మల్లెకి బోలెడు ఎండ కావాలి, ఈ పెరట్లో అది మళ్లీ పూయదు, ఎంత ఎరువేసినా పూయదు. మర్నాడు డాబా మీద ఎండలో ఒక సగం డ్రమ్ము పెట్టి మల్లె అంటు తెచ్చి నాటాను. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్లెక్కలేదు. మే నెలలో చిన్నాడు కోసుకొచ్చి ఇచ్చిన మొదటి గుప్పెడు మల్లెల్ని ఆవిడ దేవుడి దగ్గర పెట్టలేదు, తలలో పెట్టుకుంది.

ఉగాదికి, అంటే మార్చి 30 నాటికి, ప్రహరీ వైపు నాలుగడుగుల మేర మధ్యాహ్నం ఎండ పడటం మొదలైంది. మే నెల మధ్యకి నడి పెరడంతా ఎండే. ప్రహరీ వారనున్న అగ్లోనిమా ఆకులు రెండు రోజుల్లో ఇస్త్రీ పెట్టె కింద మాడిన గుడ్డలా అయిపోయాయి. స్నేక్ ప్లాంటు చలించలేదు. బాదం కింద ఫెర్ను బాగానే ఉంది గానీ అంచులు ఎండుతున్నాయి. దానికి కారణాలు రెండు దొరికాయి. ఒకటి, మా బోరు నీళ్లు కాస్త ఉప్పన. రెండు, పక్క అపార్ట్‌మెంటు మొదటి అంతస్తు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ సరిగ్గా దాని మీదికి వేడిగాలి ఊదుతోంది.

ఆ ఫ్లాట్ ఆవిణ్ని కలిసి చెప్పాను. గాలి మళ్లించడానికి రేకు పెట్టుకుంటాం అన్నారు, పెట్టుకున్నారు. మాటల్లో ఏసీ నీళ్ల పైపు కూడా మా వైపే కారుతోందని తేలింది. దాన్ని కట్ చేయించేస్తానన్నారు. వద్దండి, మా బకెట్‌లోకి వదలండి అన్నాను. అది గాలిలోని చెమ్మ చల్లబడి దిగిన నీరు, ఉప్పు ఉండదు. వేసవిలో రాత్రి ఒక్కదానికి బకెట్ నిండుతోంది, ఫెర్నులకి అదే పోస్తున్నాను. బకెట్ మీద దోమతెర గుడ్డ కట్టడం మాత్రం మరవకూడదు.

రాళ్ల పని మే చివర పెట్టుకుందాం, వానలకి ఇంకా టైముంది అనుకున్నాం. 2025లో నైరుతి ఎనిమిది రోజులు ముందే, మే 24నే, కేరళ తాకింది. మన వైపూ వెంటనే ముసురు పట్టింది. గోతుల్లో నీళ్లు, కడప బండలు సందులో, ఎర్రమట్టి లోడు గేటు ముందు కరిగిపోతూ ఉంటే టార్పాలిన్లు పట్టుకుని పరిగెత్తాం. జూన్ మొదట్లో వాన తెరిపిచ్చాక బండలు పరిచారు. సిమెంటు వేయలేదు, ఇసుక మీద పరిచి మధ్య రెండంగుళాల సందు వదిలాం, వాన నీరు ఇంకడానికి. పాలిష్ లేని గరుకు బండలే తీసుకోండి. నీడలో పాచి పడుతుంది, నున్నటి రాయి మీద ముసలివాళ్లు జారతారు. పాత ట్యాంకు మీద విడిగా ఎత్తగలిగే బండలు పెట్టించాను. ఇసుక ఎప్పుడైనా కుంగితే మళ్లీ నింపాలి కదా.

మట్టి కలపడం మేమే చేశాం: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరిపొట్టు, మధ్యలో గుప్పెళ్లతో వేపపిండి. బాదం మొదట్లో మాత్రం తవ్వలేదు, మట్టి ఎత్తు వేయలేదు. వేళ్లు పైపైనే ఉన్నాయి, వాటి మీద మట్టి పోస్తే చెట్టుకి ఊపిరాడదు. అక్కడన్నీ కుండీలే.

మొక్కల కోసం జూన్ మధ్యలో కడియం వెళ్లాం. పొద్దున్న రైలెక్కితే రాజమండ్రి, అక్కణ్నుంచి ఆటో. కాలువ గట్టు పొడుగునా, కడియపులంక దాకా నర్సరీలే. చూసుకుంటూ పోతే కళ్లు చెదిరి జాబితా మర్చిపోతాం. నేను జాబితా చేత్తో పట్టుకుని, పూల మొక్కల వైపు వెళ్లబోయిన మా ఆయన్ని ఇంకో చేత్తో పట్టుకుని నడిచాను. చిన్న స్నేక్ ప్లాంటు 35, ఫెర్ను 40, ఆకుపచ్చ అగ్లోనిమా 60. ఎర్ర రకాలు మూడింతలు, పైగా వాటికి వెలుతురు ఎక్కువ కావాలి, వదిలేశాం. విశాఖలో ఇవే రెట్టింపు. కానీ రైలు చార్జీలు, భోజనాలు, ట్రాన్స్‌పోర్టుకి 1,500 కలుపుకుంటే మాలాంటి చిన్న పెరటికి మిగిలిందేమీ లేదు. రకాలు చూసి ఎంచుకోవడానికే అంత దూరం వెళ్లాలి. డబ్బు మిగులుతుందని మాత్రం కాదు.

నర్సరీ అతను డంబ్ కేన్ మొక్కలు ఊరికే ఇస్తానన్నాడు. దాని ఆకు నమిలితే నోరూ నాలుకా వాస్తాయి, సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. మనీ ప్లాంటులో, అగ్లోనిమాలో కూడా ఉంటాయి గానీ, డంబ్ కేన్‌తో మరీ ఇబ్బంది. చిన్నపిల్లలూ కుక్కలూ ఉన్న ఇంట్లో ఆలోచించుకోండి.

మొక్కలు రెండో రోజు రాత్రి లారీలో దిగాయి. కవరు చింపితే ఒక్కోదాని వేళ్ల చుట్టూ గోదావరి బంకమట్టి ముద్ద. అలాగే నాటేస్తే ఆ ముద్ద గట్టిపడి వేళ్లు బయటికి రావని పక్కింటి మాస్టారు చెప్పారు. బకెట్ నీళ్లలో ముద్దని నానబెట్టి, వేళ్లతో వదులు చేసి నాటాం. రెండు సాయంత్రాలు నడుము పట్టేసింది.

ఇప్పుడున్న వరస ఇదీ. వేసవిలో ఎండ పడే నడిమి పట్టీలో నందివర్ధనం, కనకాంబరాలు. ఇంటి గోడ వారన, ఎక్కువ కాలం నీడ ఉండే చోట ఆకుపచ్చ అగ్లోనిమా, పీస్ లిల్లీ. బాదం కింద కుండీల్లో ఫెర్నులు. ప్రహరీ వారన స్నేక్ ప్లాంట్లు. ఒక పక్క అల్లం, పసుపు దుంపలు పాతాం, పసుపు ఆకులు ఏపుగా వచ్చాయి. కరివేపాకు, తులసి ఇక్కడ పెట్టనే లేదు, అవి ఇంటి ముందే. పడమర కొసన అత్తయ్య తమలపాకు తీగ నాటింది. ఆవిడ పుట్టిల్లు పాయకరావుపేట వైపు, వాళ్ల నాన్నగారికి ఆకుతోట ఉండేదట. తీగకి నీడా చెమ్మా కావాలి గానీ మొదలు దగ్గర నీరు నిలవకూడదు అని చెబుతూ, మేం ఫిబ్రవరిలో పెట్టిన కాలువని తనే పెట్టించినంత ధీమాగా చూసింది. ఆగస్టు 8న వరలక్ష్మీ వ్రతానికి మాత్రం ఆకులు చాలలేదు, రైతుబజారులోనే కొన్నాం.

జూలైలో ఎవరూ చెప్పని అతిథులొచ్చారు. పొద్దున్న చూస్తే పీస్ లిల్లీ ఆకులు కొరికేసి ఉన్నాయి, బండల మీద వెండి చారలు. రాత్రి టార్చితో వెళితే అరచేతంత నత్తలు. ఆఫ్రికా నత్తలు, పగలు బండల కింద దాక్కుని రాత్రి మేస్తాయి. వాటిని ఉత్త చేత్తో తాకకూడదు, మనిషికి జబ్బు చేసే పరాన్నజీవులు వాటిలో ఉండొచ్చు. చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, చాలా రాత్రులు, ఏరి ఉప్పు నీళ్ల బకెట్‌లో వేశాం. మా పెద్దదానికి జాలేసి ఏడ్చింది, చిన్నాడికి మహా ఉత్సాహం. తడి గోనెసంచి పరిస్తే తెల్లారేసరికి దాని కిందకి చేరతాయని తెలిశాక పని తేలికైంది. ఆగస్టు చివరికి తగ్గాయి, పూర్తిగా పోలేదు.

దోమల విషయం. డెంగీ దోమ గుడ్డు నుంచి పెద్దదవడానికి వారం, పది రోజులు చాలు. అందుకే శుక్రవారం డ్రై డే (నిలవ నీళ్లు పారబోసే రోజు) పాటించమంటారు. కుండీల కింద పళ్లాలే తీసేశాను. శుక్రవారం సాయంత్రం చిన్నాడే తిరిగి చూస్తాడు, ఎక్కడైనా నీళ్లు కనబడితే కేకేస్తాడు.

ఖర్చు: చెత్త తీయడం, మోత 9,000. ట్రాక్టర్లు 6,500. ట్యాంకరు 3,000. మేస్త్రి పని, పైపు, కంకర, ప్లాస్టరు కలిపి 21,000. కడప బండలు 8,400. మట్టి, ఎరువు, కొబ్బరిపొట్టు 9,200. చెట్టు పని 3,500. సున్నం 1,100. మొక్కలు 7,800, వాటి రవాణా 1,500. రెండు లైట్లకి 1,900. వెరసి 73,000 రూపాయలకి ఓ వంద తక్కువ. మా రైలు చార్జీలు ఇందులో లేవు. మొక్కల్లో ఇప్పటికి రెండు పీస్ లిల్లీలు, కొన్ని ఫెర్నులు పోయాయి.

అక్టోబరు 28న మొంథా తుపాను తీరం దాటింది. అంతకు ముందు రోజు నుంచే విశాఖలో ఎడతెగని వాన. రాత్రి పదకొండింటికి పెరట్లో చీలమండ దాకా నీళ్లు నిలిచి, నా గుండె జారిపోయింది. మా ఆయన గొడుగు పట్టుకుని టార్చితో వెళ్లి చూస్తే జాలీకి బాదం ఆకులు అడ్డం పడ్డాయి. చేత్తో లాగేయగానే పావుగంటలో నేల బయటపడింది. ఇప్పుడు జాలీకి ముందు ఇంకో వెడల్పాటి తీగ బుట్ట పెట్టాం, వానాకాలం రోజూ పొద్దున్న దాన్ని ఖాళీ చేయాలి. వంటింటి గోడ ఈసారి ఉబ్బలేదు.

పడమర వైపు సిలిండర్ల గూడుకి తలుపు ఒకటి మిగిలింది. మేస్త్రికి ఫోన్ చేస్తే కార్తీకం వెళ్లాక వస్తానన్నాడు.